విదేశీ మిషన్‌లో ఇంజనీర్ కంపెనీ నిజంగా ఏం కడుతుంది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను సాపర్స్‌లో, అంటే సైన్యం ఇంజనీర్ దళంలో హవల్దార్‌ని. గ్రేడర్ (బ్లేడుతో రోడ్డు చదును చేసే బండి), డోజర్ (మట్టి నెట్టే బండి) నడుపుతాను. మా కంపెనీ దక్షిణ సూడాన్‌లో ఐక్యరాజ్యసమితి మిషన్‌కు వెళ్తోంది. అక్కడ ఏం కడతాం? ఇక్కడ చేసే పనికీ ఆ పనికీ తేడా ఏమిటి? వెళ్ళేలోపు ఏం నేర్చుకోవాలి?"

తమ్ముడూ, నేను ఆ దేశంలోనే అప్పర్ నైల్ రాష్ట్రం వైపు ఇంజనీర్ కంపెనీలో పనులు చూసే జేసీఓగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్‌గా) ఒక టూర్ చేశాను. సుబేదార్‌గా రిటైరయ్యాను. నాకు తెలిసింది ఆ ఒక్క ప్రాంతమే కాబట్టి దాని గురించే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. కొత్తగా కట్టేది తక్కువ. ఉన్న రోడ్డును, రన్‌వేను, క్యాంపును వర్షాకాలం దాటించడమే అసలు పని. ఏడాది టూర్‌లో నేల మీద గట్టిగా పనిచేయగలిగేది నాలుగైదు నెలలే. ఆ నెలల్లో ముందు నీళ్ళు పోయే దారి తీయాలి, తర్వాతే రోడ్డు ముట్టుకోవాలి. ఇక వెళ్ళేలోపు నేర్చుకోవాల్సినవి రెండు: లెవెల్ పట్టి వాటం, అంటే నీళ్ళు జారే వాలు చూడటం, మీ మెషీన్‌ను మీరే రిపేరు చేసుకోవడం. ఆపరేటర్‌గా మీ చెయ్యి ఎలాగూ తిరిగే ఉంటుంది.

విదేశంలో మనవాళ్ళు కట్టడం అనగానే చాలామందికి అఫ్గానిస్తాన్‌లో మన బోర్డర్ రోడ్స్ సంస్థ వేసిన జరంజ్-దెలారం రోడ్డు గుర్తొస్తుంది. 218 కిలోమీటర్ల ఆ రోడ్డును 2009లో వాళ్ళకు అప్పగించారు. కానీ అది రెండు దేశాల మధ్య ఒప్పందంతో, బడ్జెట్‌తో, ఇంజనీర్లు, కూలీలతో నడిచిన ప్రాజెక్టు. మీరు వెళ్ళేది శాంతిపరిరక్షక దళంలో భాగంగా. అక్కడ మీ పేరే హారిజాంటల్ మెకానికల్ ఇంజనీర్ కంపెనీ అని ఉండొచ్చు. హారిజాంటల్ అంటే నేల మీద పరుచుకునే పనులన్నమాట: రోడ్లు, రన్‌వే, హెలిప్యాడ్, కాలువలు, కట్టలు. బిల్డింగులు లేపే పని వేరే వాళ్ళది. అయినా అవసరం పడితే గోడ కట్టమంటారు, మనం కడతాం.

కొంచెం నేపథ్యం తెలిస్తే పని ఎందుకిలా ఉంటుందో అర్థమవుతుంది. దక్షిణ సూడాన్ 2011 జులై 9న స్వతంత్ర దేశమైంది. మిషన్ కూడా అప్పుడే మొదలైంది. కొత్త దేశాన్ని నిలబెట్టడం మొదటి ఉద్దేశం. 2013 డిసెంబర్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక వేలాది మంది ప్రాణభయంతో ఐక్యరాజ్యసమితి క్యాంపుల గేట్లలోకి పరుగెత్తుకొచ్చారు. సైనికులకోసం వేసిన క్యాంపుల పక్కనే పట్టణమంత జనం చేరారు. 2014లో మిషన్ బాధ్యతనే మార్చి పౌరుల రక్షణను మొదటి స్థానంలో పెట్టారు. దాంతో ఇంజనీర్ల పనీ మారింది. క్యాంపు చుట్టూ కట్టలు, కాపలా టవర్లు, జనం ఉండే చోట డ్రైనేజీ, తిండి తెచ్చే లారీలు వచ్చే రోడ్డు, ఇవి ముందుకొచ్చాయి. జూబాలో జపాన్ ఇంజనీర్లు 2012 నుంచి 2017 దాకా చేశారు. బోర్‌లో కొరియా వాళ్ళు, బెంటియు, మలకాల్‌లలో కొన్నేళ్ళు బ్రిటన్ వాళ్ళు ఉన్నారు. ఎవరిని అడిగినా ఆ మట్టి గురించే ముందు చెబుతారు.

ఆ మట్టి నల్లరేగడి. అప్పర్ నైల్, జోంగ్లే, యూనిటీ ప్రాంతాల్లో కిలోమీటర్ల కొద్దీ అదే, బల్లపరుపుగా ఉంటుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్ళు. వాన పడితే ఉబ్బి సబ్బులా అవుతుంది. అరగంట వానకే లారీ కదలదు. గులకరాయి కూడా కంటికి కనబడని చోట్లున్నాయి. కంకర కావాలన్నా, మంచి మొరం కావాలన్నా చాలా దూరం నుంచి టిప్పర్లలో తెచ్చుకోవాలి. కాబట్టి "మొత్తం మొరం వేసేద్దాం" అనే ఆలోచన మొదటి వారంలోనే వదిలేయండి. దొరికిన కాస్త మొరాన్నీ ఎక్కడ వేయాలో తెలుసుకోవడమే అసలు నేర్పు. మేము పల్లాల్లో, కల్వర్టుల రెండు పక్కలా, క్యాంపు గేటు ముందు, హెలిప్యాడ్ దారిలో మాత్రమే వేసేవాళ్ళం. మిగతా రోడ్డు ఉన్న మట్టితోనే వాటం తీసి నొక్కిందే.

వాన సుమారు మే నుంచి అక్టోబర్ దాకా. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడి. అందరూ నేల బాగా ఆరాక జనవరిలో, ఫిబ్రవరిలో పని మొదలుపెడదామనుకుంటారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం. కానీ అప్పటికి మట్టి ఇటుకలా గట్టిపడుతుంది. గ్రేడర్ బ్లేడు దిగదు, కటింగ్ ఎడ్జ్‌లు అరిగిపోతాయి, పెళ్ళలు లేస్తాయి. రోలర్ నొక్కాలంటే తేమ కావాలి. తేమకోసం నీళ్ళ ట్యాంకర్లు నది దాకా తిరగాలి. వాన ఆగి నేల బండి బరువు మోయగానే, లోపల ఇంకా తేమ ఉండగానే షేపింగ్, అంటే రోడ్డుకు వాటం తీసే పని మొదలుపెట్టండి. మట్టిని గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద కావాలి, చేతికి తడి అంటకూడదు, భుజం ఎత్తునుంచి కింద పడేస్తే రెండు మూడు ముక్కలు కావాలి. ఆ స్థితిలో ఆరంగుళాల పొరలుగా నొక్కితే నిలుస్తుంది. ఈ రెండు మూడు వారాలు చేజారితే మిగతా సీజనంతా నీళ్ళ కోసం తిరగడమే.

ఇప్పుడు మేము చేసిన పెద్ద తప్పు చెబుతాను, మీరు చేయకూడదని.

వెళ్ళిన కొత్తలో క్యాంపు లోపలి రోడ్లు గుంతలుగా ఉన్నాయని వాటిని ఎత్తు పెంచి, చక్కగా చదును చేశాం. చూడటానికి బాగుంది, అందరూ మెచ్చుకున్నారు. మొదటి పెద్ద వానకు తెలిసింది. పాత రోడ్డు గుంతలుగా ఉన్నందువల్లే నీళ్ళు దాని మీదుగా దాటి అవతలి పల్లానికి వెళ్ళేవి. మేము రోడ్డు ఎత్తు చేసి దాన్ని కట్టగా మార్చేశాం. ఆ నీళ్ళు వెనక్కి తన్ని, కంచె అవతల జనం గుడారాలు వేసుకున్న వైపు మోకాలి లోతు నిలిచాయి. తడిసిన చాపలు, పిల్లలను ఎత్తుకుని నిలబడ్డ తల్లులు, అది మా చేతి పని. ఆ రాత్రే ఎక్స్‌కవేటర్‌తో రోడ్డును మూడు చోట్ల తెగ్గొట్టాం. తర్వాత నీళ్ళు దాటడానికి హ్యూమ్ పైపులు (పెద్ద సిమెంటు గొట్టాలు) వేసి పూడ్చాం. నీరు పల్లమెరుగు అని చిన్నప్పటినుంచి వింటున్నదే. ఆ పల్లం ఎక్కడుందో మేము చూడలేదు, అంతే.

అప్పటినుంచి మా కంపెనీలో ఒక నియమం పెట్టుకున్నాం. ఏ పనైనా ముందు అవుట్‌లెట్ చూపించాలి. నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో మ్యాప్ మీద కాదు, కాళ్ళతో నడిచి చూపించాలి. నేల ఎంత సమతలంగా ఉంటుందంటే కంటికి వాలు ఏ వైపో తెలియదు. ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్, దాని కొలత కర్ర (స్టాఫ్) తప్పనిసరి. వాన పడుతున్నప్పుడే గమ్‌బూట్లు వేసుకుని బయటికి వెళ్ళి నీళ్ళు ఎటు కదులుతున్నాయో గుర్తులు పాతాలి. పొడికాలంలో వెళ్ళినవాళ్ళకు చెట్ల మొదళ్ళ మీద నీటి మరకలు, పుట్టల మీద గీతలు దారి చెబుతాయి. అన్నిటికంటే మంచి సర్వేయర్లు అక్కడి పశువుల కాపరులు. ఏడాదిలో కొన్ని నెలలు మునిగి, నీళ్ళు తీశాక పచ్చిక మొలిచే నేలను వాళ్ళు తోయిచ్ అంటారు. ఏ తోయిచ్‌లోకి నీళ్ళు ఏ నెలలో ఎక్కుతాయో వాళ్ళకు తెలుసు. దుభాషీని వెంటబెట్టుకుని, ఒక పూట కూర్చుని అడగండి.

రోడ్డు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. ఆరు మీటర్ల మట్టిరోడ్డుకు మధ్యలో కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, అంటే 5 శాతం వాటం. తారు రోడ్డుకు అలవాటుపడ్డ కళ్ళకు అది ఎక్కువనిపిస్తుంది, గ్రేడర్ ఆపరేటర్లు తెలియకుండానే తగ్గించేస్తారు. తగ్గించొద్దు. సైడ్ డ్రెయిన్ తవ్విన మట్టినే మధ్యకు లాగితే ఎత్తూ వస్తుంది, కాలువా వస్తుంది. అయితే ఆ కాలువ ఎక్కడికక్కడ పక్క పల్లంలోకి తిరగాలి. లేకపోతే అది కాలువ కాదు, పొడుగాటి చెరువు. రోడ్డు పక్కనే చెరువుంటే నల్లరేగడి అడుగునుంచి మెత్తబడుతుంది.

ఎంత బాగా చేసినా ఒక్క లారీ చాలు పాడుచేయడానికి. వాన కురిసిన గంటకే సరుకు లారీ ఎక్కి మోకాలి లోతు గాడి వేసి కూరుకుపోతుంది. వెనకొచ్చే లారీ దాన్ని తప్పించి పక్కనుంచి పోతుంది, అక్కడా గాడి పడుతుంది. నెల తిరిగేసరికి రోడ్డు వందడుగుల వెడల్పు బురద అవుతుంది. అందుకే వాన పడ్డాక రోడ్డు మూసేసే పద్ధతి ఉండాలి. ఆ అధికారం మీది కాదు. స్థానిక అధికారులతో, స్థానికులతో వ్యవహారాలు చూసే మిషన్ సివిల్ అఫైర్స్ వాళ్ళతో మాట్లాడించాలి. మాకు ఒక వైపు అది కుదిరింది, ఇంకో వైపు కుదరలేదు. కుదిరిన వైపు రోడ్డు రెండు వానాకాలాలు ఆగిందని తర్వాతి కంపెనీ వాళ్ళు చెప్పారు. ఆ మాట విన్నప్పుడు కలిగిన తృప్తి నాకు ఇప్పటికీ ఉంది.

నీళ్ళు ఎంత దాకా వెళ్ళగలవో తెలియాలంటే బెంటియు చూడాలి. 2021లో వచ్చిన వరద అక్కడ వాన ఆగాక కూడా తీయలేదు, ఏళ్ళ తరబడి నిలిచింది. నిర్వాసితుల క్యాంపు, మిషన్ బేస్, ఎయిర్‌స్ట్రిప్, ఇవన్నీ చుట్టూ నిలిచిన నీటిమట్టం కంటే కిందే ఉండిపోయాయి. వాటిని కాపాడింది మట్టికట్టలే. పాకిస్తాన్ ఇంజనీర్లు అక్కడ రాత్రింబవళ్ళు కట్టలు వేశారు, ఎత్తు పెంచుతూ పోయారు. మన సరిహద్దు మాట పక్కన పెట్టి చెబుతున్నాను, అది గొప్ప పని. కట్ట విషయంలో నేర్చుకోవాల్సింది ఏమిటంటే, వేసిన రోజుతో పని అయిపోదు. అల తాకే వైపు కోత, ఎలుక బొరియలు, జనం నడిచి నడిచి అరగదీసే చోట్లు, పగుళ్ళు, ఇవన్నీ చూడటానికి రోజూ ఒక మనిషి కట్ట మీద నడవాలి.

హెస్కో గురించి ఒక మాట. వైరు జాలీకి లోపల గుడ్డ కుట్టిన ఆ పెట్టెలు రక్షణ గోడకు బాగుంటాయి. సాధారణంగా వాడే సైజు 1.37 మీటర్ల ఎత్తు, 1.06 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు. దాంట్లో నల్లరేగడి నింపితే వానకు ఉబ్బి పొట్ట వేస్తుంది, ఎండకు కుంగి ఖాళీ పడుతుంది. ఇసుకమట్టి గానీ మొరం గానీ దొరికితే కీలకమైన చోట్లకు దాన్ని దాచుకోండి. దొరక్కపోతే రేగడినే సగం అడుగు పొరలుగా తొక్కి నింపి, పైన టార్పాలిన్ కప్పి, అడుగున నీళ్ళు నిలవకుండా చూడండి. పొడిమట్టి బకెట్‌తో గుమ్మరించి వదిలేసిన గోడ ఒక్క సీజన్‌లో వాలిపోవడం నా కళ్ళతో చూశాను.

ఇక మెషీన్లు. మీ ప్రశ్నలో లేకపోయినా దీనిమీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అక్కడ పని ఆగేది చాలాసార్లు ఇక్కడే.

మీ సామాను కెన్యాలోని మొంబాసా రేవులో దిగి, రోడ్డు మీద 1,600 కిలోమీటర్లకు పైగా వచ్చి జూబా చేరుతుంది. జూబా నుంచి మలకాల్ ఇంకా సుమారు 500 కిలోమీటర్లు. నైలు మీద బార్జిలో గానీ, విమానంలో గానీ రావాలి. ఊహించుకోండి, ఒక హైడ్రాలిక్ హోస్ పగిలితే కొత్తది ఎప్పుడొస్తుంది? మాకు ఒకసారి అలా గ్రేడర్ వారాల తరబడి నిలబడిపోయింది, అదీ డిసెంబర్‌లో. ఆ తర్వాత హోస్‌కు ఫిట్టింగులు బిగించే క్రింపింగ్ మెషీన్, చుట్టలుగా వచ్చే బల్క్ హోస్, రకరకాల ఫిట్టింగులు తెప్పించుకున్నాం. అదే మొదట తీసుకెళ్ళి ఉంటే ఆ సీజన్‌లో ఇంకో పది కిలోమీటర్లు అయ్యేది. హోస్‌లు, ఎయిర్ ఫిల్టర్లు, డీజిల్ ఫిల్టర్లు, గ్రేడర్ కటింగ్ ఎడ్జ్‌లు, బకెట్ పళ్ళు, టైర్లు, బ్యాటరీలు మీరు వేసుకున్న లెక్కకు రెట్టింపు తీసుకెళ్ళండి. దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ రోజూ దులపాలి. గడ్డి గింజలు రేడియేటర్‌లో ఇరుక్కుని ఇంజిన్ వేడెక్కుతుంది. డీజిల్‌లో నీళ్ళు వస్తాయి, ట్యాంకు అడుగునుంచి తెల్లవారగానే వంపాలి.

దీనికి ఇంకో కారణం ఉంది. ఐక్యరాజ్యసమితి మన సామాను వాడుకున్నందుకు మన ప్రభుత్వానికి డబ్బు తిరిగి చెల్లిస్తుంది. వెట్ లీజు అంటే మరమ్మతు బాధ్యత కూడా మనదే. ఒక్కో రకం ప్రధాన సామగ్రిలో కనీసం 90 శాతం పనిచేసే స్థితిలో ఉండాలి, తగ్గితే చెల్లింపు తగ్గుతుంది. ఇన్‌స్పెక్షన్ టీమ్ వచ్చి మెషీన్ స్టార్ట్ చేసి చూస్తుంది. రోడ్డు రోలర్లు రెండే ఉంటే, ఒకటి ఆగినా సగం పోయినట్టే. అందుకని మెకానిక్‌ను ఇంకో పనికి తీయొద్దని మీ ఆఫీసర్లకు చెప్పే ధైర్యం సీనియర్ హవల్దార్‌గా మీకు ఉండాలి. ఇంజిన్ గంటలు, డీజిల్, రోజువారీ పని ఏ రోజుకారోజు రాయండి. వారం తర్వాత గుర్తుచేసుకుని రాసిన లాగ్‌బుక్ ఎవరికీ పనికిరాదు.

మందుపాతరల విషయంలో మాత్రం ఎవరు తొందరపెట్టినా ఆగండి. పాత యుద్ధాల్లో పాతిపెట్టినవి, పేలని గుండ్లు రోడ్ల పక్కన ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి మైన్ యాక్షన్ టీమ్ రోడ్డు క్లియర్ చేసిందని కాగితం ఇస్తుంది. ఆ కాగితంలో వెడల్పు చదవండి. బండి నడిచే వెడల్పు మాత్రమే క్లియరై ఉండొచ్చు. మీ సైడ్ డ్రెయిన్, గ్రేడర్ తిరిగే చోటు, మొరం తవ్వే గుంట దాని బయట ఉంటాయి. ఇవి విడిగా క్లియర్ చేయించాలి. మా పని ఒకసారి ఇందుకే ఎనిమిది రోజులు ఆగింది. పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా కంపెనీ కమాండర్ ఒక్క మెషీన్ కూడా కదలనివ్వలేదు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ ఎనిమిది రోజుల్లో రెట్టింపైంది.

రోజువారీ సమయం విషయంలోనూ ఆశలు తగ్గించుకోండి. క్యాంపుకు దూరంగా పనిచేస్తే ఇన్‌ఫాంట్రీ ఎస్కార్ట్, అంటే తోడుగా వచ్చే కాల్బలం కాపలా లేకుండా కదలకూడదు. ఎస్కార్ట్ కలిసి, అనుమతులు సరిచూసుకుని, సైట్ చేరేసరికి పొద్దెక్కుతుంది. చీకటిపడకముందే తిరిగి రావాలి. నికరంగా ఐదు గంటలు పని దొరికితే మంచి రోజు. అందుకే దూరం పనులకు సైట్ దగ్గరే చిన్న క్యాంపు వేసుకుంటారు. అప్పుడు వంట, మంచినీళ్ళు, వైద్యుడు, కాపలా అన్నీ వెంట రావాలి. మలేరియా మాత్ర, దోమతెర మీద అశ్రద్ధ వద్దు. మంచి ఆపరేటర్ పది రోజులు పడుకుంటే మెషీన్ కూడా పడుకున్నట్టే.

జనంతో పని. మొరం గుంట తవ్వే ముందు ఊరి పెద్దను అడగాలి. భూమి ఖాళీగా కనిపిస్తుంది గానీ, అది ఎవరి మేతభూమో, ఎవరి శ్మశానమో మనకు తెలియదు. పని అయ్యాక ఆ గుంటలో వాననీళ్ళు నిండుతాయి, పశువులు, పిల్లలు దిగుతారు. కాబట్టి అంచులు నిలువుగా వదలకుండా ఏటవాలుగా కోయండి. ఇది ఏ ఆర్డర్‌లో రాసి లేకపోయినా చేయాల్సిన పని. పశువుల మందలు రోడ్డు దాటే చోట సైడ్ డ్రెయిన్‌కు వెడల్పాటి ఏటవాలు పెట్టండి, లేకపోతే వారంలో తొక్కి పూడుస్తాయి.

క్విక్ ఇంపాక్ట్ ప్రాజెక్టులని వింటారు. 50,000 డాలర్ల లోపు ఖర్చుతో ఆరు నెలల్లో పూర్తయ్యే చిన్న పనులు: బడికి గది, బోరు, ఆసుపత్రికి షెడ్డు లాంటివి. వీటిలో మన కుర్రాళ్ళు మనసుపెట్టి చేస్తారు. ఒక్కటే జాగ్రత్త. మనం వెళ్ళాక వాళ్ళు నడుపుకోగలిగిందే కట్టాలి. మోటారు బోరు వేస్తే డీజిల్ ఎవరు పోస్తారు? చేతిపంపు వేసి, ఊళ్ళో ఇద్దరికి వాషర్ మార్చడం నేర్పి, నాలుగు వాషర్లు చేతిలో పెట్టి రండి.

కాంక్రీటు పని పడితే తెల్లవారుజామునే పోయండి. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే ఎండలో పోసింది సాయంత్రానికే పగుళ్ళిస్తుంది. తడి గోనెలు కప్పడానికి మనిషిని కేటాయించండి. సిమెంటు అంత దూరం నుంచి వచ్చేసరికి పాతబడుతుంది, బస్తాలో గడ్డలుంటే పునాదికి వాడొద్దు.

చివరగా అప్పగింత. ఏడాది తిరగగానే ఇంకో కంపెనీ వస్తుంది. మాకు ముందువాళ్ళు ఇచ్చిన ఫైల్‌లో మెషీన్ల లిస్టు పక్కాగా ఉంది, కాలువల గురించి ఒక్క ముక్క లేదు. మొదట్లో నేను చెప్పిన తప్పుకు అదీ ఒక కారణం. వచ్చేముందు మేము ప్రతి కల్వర్టుకూ నంబరు వేసి, ఏ వైపునుంచి ఏ వైపుకు నీళ్ళు పోతాయో బాణం గుర్తులతో పెద్ద షీటు గీసి, వాననాటి ఫోటోలు జతచేసి ఇచ్చాం. కొత్త సుబేదార్‌ను రెండు రోజులు ఆ కాలువల వెంట నడిపించాను.

మీ గ్రేడర్, డోజర్ ఏ కంపెనీవో, ఏ మోడలో రాయండి, ఏ స్పేర్లు ఎక్కువ పోతాయో నాకు గుర్తున్నవి లిస్టు చేసి పెడతాను. మీ యూనిట్ పేరు, బయల్దేరే తేదీ మాత్రం ఇక్కడ రాయొద్దు.